కొత్త కొలువు కూలితే
చేరిన మూడు నాలుగు నెలలకే భర్తకో భార్యకో ఉద్వాసన చెబితే ఆ దెబ్బ ఇద్దరి మీదా పడుతుంది. ఇంట్లో ఉన్న రెండో మనిషి గురించి కంపెనీ మాట్లాడదు, చట్టం మాట్లాడదు. చుట్టాలు మాత్రం మాట్లాడతారు

ఉద్యోగం మారడం ఒక మనిషి వ్యవహారంలా కనిపిస్తుంది గానీ ఆ నిర్ణయంలో ఇల్లంతా పాలుపంచుకుంటుంది. పాత కంపెనీలో తొంభై రోజుల నోటీసు పూర్తిచేసి, వీడ్కోలు కేకు కోసి, పిల్లల బడి మార్చి, కొత్త ఆఫీసుకు దగ్గరని గచ్చిబౌలిలోనో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనో ఎక్కువ అద్దెకు ఫ్లాటు తీసుకుంటారు. పెరిగిన జీతం లెక్కన ఇంటి రుణానికో కారు రుణానికో సంతకాలు పెడతారు. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం పావుగంట మీటింగుకు పిలుపు వస్తుంది. హెచ్ఆర్ విభాగం మనిషి ముందే రాసుకున్న నాలుగు వాక్యాలు చదువుతారు. మీటింగు ముగిసేసరికి లాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ పనిచేయదు. ఆ సాయంత్రం ఇంటి తలుపు తీసిన మనిషికి ఏమనాలో తోచదు.

గత కొన్నేళ్లుగా ఇలాంటి సాయంత్రాలకు కొదవలేదు. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, అదే నెలలో మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించాయి. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు శిక్షణ కేంద్రం నుంచి 300 మందికి పైగా ట్రైనీలను అంతర్గత పరీక్షల్లో తప్పారంటూ పంపించేశారు. వారిలో చాలామంది 2022లో ఆఫర్ అందుకుని, రెండేళ్లు ఎదురుచూసి, 2024 అక్టోబరులో చేరినవారే. అదే ఏడాది జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12,000 పైచిలుకు మందిని తగ్గించుకుంటామని చెప్పింది. ఈ అంకెలన్నీ ఖాళీ అయిన కుర్చీల లెక్క. వెనక ఉన్న కుటుంబాల లెక్క ఎవరూ వేయరు.

పదేళ్లు చేసిన ఉద్యోగం పోవడం వేరు, పది వారాలు చేసింది పోవడం వేరు. రెండోదే చిన్న నష్టమని బయటివారికి అనిపిస్తుంది. ఉన్నదే నాలుగు నెలలు కదా, పోతే ఏమైందన్న ధోరణి. వాస్తవం దీనికి తలకిందులు. పాత ఉద్యోగం పోయినవారికి నష్టపరిహారమో, గ్రాట్యుటీయో, నాలుగు మంచి మాటలు చెప్పే సహోద్యోగులో ఉంటారు. కొత్తగా చేరినవారికి ఇవేవీ ఉండవు. పాత కంపెనీ వంతెన తామే దాటి వచ్చారు, కొత్త కంపెనీలో వారి పేరు కూడా సగం మందికి తెలియదు.

చట్టం కూడా వారివైపు పెద్దగా చూడదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం రిట్రెంచ్‌మెంట్‌కు నెల రోజుల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలంది. కానీ అది కనీసం ఏడాది సర్వీసు, అంటే 240 రోజుల పని పూర్తిచేసిన కార్మికులకే. పైగా మినుకు మినుకుమనే ఆశను కూడా ఆర్పే సూత్రం ఒకటి అదే చట్టంలో ఉంది. ఒక కేటగిరీలో మనుషులను తగ్గించాల్సి వస్తే మామూలుగా చివర చేరినవారినే ముందు పంపాలి. ఏళ్ల తరబడి పనిచేసినవారి రక్షణ కోసం పెట్టిన న్యాయమైన సూత్రమే అది. కొత్తగా వచ్చినవాడి మెడకు మాత్రం అదే కత్తి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ రెండు అంశాలనూ దాదాపు అలాగే ఉంచింది. మేనేజర్ హోదాలో ఉన్నవారు, నెలకు రూ.18,000కు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు అసలు 'కార్మికుడు' అన్న నిర్వచనంలోకే రారు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వర్తించే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కాస్త ఉదారమైనది. అది నెల రోజుల నోటీసుకు ఆరు నెలల సర్వీసు ఉంటే చాలంది. అయితే ఐటీ సంస్థలకు ప్రభుత్వాలు ఆ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. పైగా ప్రొబేషన్ అన్నదే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లోనే 158వ నంబరు ఒప్పందంలో సరైన కారణం లేకుండా ఎవరినీ తొలగించరాదని రాసుకుంది. అందులోనూ ప్రొబేషన్‌లో ఉన్నవారిని మినహాయించే వెసులుబాటు ఉంది. భారత్ ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించనూ లేదు.

మరి దక్కేదేమిటి? అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిన నోటీసు కాలం, లేదా దానికి బదులు జీతం. వేతనాల కోడ్ ప్రకారం తొలగించిన రెండు పనిదినాల్లోగా బకాయి వేతనం చెల్లించాలి. ఇది కార్మికులకే కాదు, ఉద్యోగులందరికీ వర్తిస్తుంది. నలభై అయిదు రోజుల తర్వాత ఫుల్ అండ్ ఫైనల్ అని చెప్పే హెచ్ఆర్‌కు ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయొచ్చు. 'స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను' అని రాయించుకోవడం మరో తంతు. అక్కడికక్కడే సంతకం పెట్టనవసరం లేదు, ఒక రాత్రి గడువు అడగొచ్చు. రాజీనామా అని రాస్తే సర్టిఫికెట్ మీద మచ్చ ఉండదన్నది నిజమే. కానీ జాయినింగ్ బోనస్, ఇల్లు మారిన ఖర్చులు వెనక్కి కట్టాలన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉద్యోగి తనంతట తాను మానేస్తేనే వర్తిస్తుంది. రాజీనామా లేఖతో మచ్చ పోతుంది, లక్షన్నర బాకీ మిగులుతుంది. ఆ కాగితాన్ని ఇంట్లో ఇద్దరూ కూర్చుని చదవాల్సింది ఇందుకే. దెబ్బతిన్న మనిషి కళ్లకు చిన్న అక్షరాలు కనపడవు.

ఆ తర్వాతి వారం ఇంటి రెండో మనిషి చేతిలో పడుతుంది. ఈ విలేఖరి ఇంట్లోనూ అదే జరిగింది. మా ఆయన కొత్త ఉద్యోగం పదకొండో వారంలో ముగిసింది. మొదటి రెండు రోజులు ఆయన నిద్రపోయారు, నేను లెక్కలు రాశాను. మూడో రోజు తెలిసిన సంగతి, మా కుటుంబ ఆరోగ్య బీమా మొత్తం కంపెనీ గ్రూపు పాలసీ మీదే ఉందని, అత్తయ్యగారి మోకాలి ఆపరేషన్ తేదీ మరో మూడు వారాల్లో ఉందని. గ్రూపు పాలసీలో ఉన్నవారు అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే సౌకర్యాన్ని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కల్పించింది. కాకపోతే కవర్ ముగిసేలోపే అడగాలి. ఆఖరి పనిదినం అయిపోయాక అడిగేవారే ఎక్కువ.

పీఎఫ్ సంగతి కూడా మారింది. ఉద్యోగం పోయి రెండు నెలలు గడిస్తే మొత్తం సొమ్ము తీసుకోవచ్చన్నది పాత లెక్క. ఉద్యోగం పోయిన వెంటనే 75 శాతం, మిగతాది 12 నెలల నిరుద్యోగం తర్వాతే అని ఈపీఎఫ్ఓ కేంద్ర ధర్మకర్తల మండలి 2025 అక్టోబరులో నిర్ణయించింది. ఈఎస్ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పేరుతో 2018 నుంచి నిరుద్యోగ భృతి ఉంది. సగటు ఆదాయంలో సగం, గరిష్ఠంగా 90 రోజులు. అయితే ఈఎస్ఐ జీతం పరిమితి నెలకు రూ.21,000. దానికి ఒక్క వెయ్యి పైన ఉన్నవారికి కూడా ఉద్యోగం పోతే రాజ్యం నుంచి వచ్చే సాయం శూన్యం. నగర మధ్యతరగతి నిరుద్యోగ బీమా ఏమిటంటే, ఇంట్లో ఇంకొకరి జీతం, బీరువాలో బంగారం, పుట్టింటివారి పొలం. ఈ మూడూ భార్యాభర్తల సంబంధంలోంచి వచ్చేవే. అందుకే మన దేశంలో ఉద్వాసన లేఖ నేరుగా కాపురం మీద పడుతుంది.

రుణం విషయంలో చాలామంది చేసేది మొదటి ఈఎంఐకి ఒక క్రెడిట్ కార్డు, రెండో ఈఎంఐకి మరో కార్డు గీకడం. బ్యాంకులు తొంభై రోజులు కిస్తీ అందకపోతే ఖాతాను మొండిబాకీగా లెక్కిస్తాయి. ఒక్క కిస్తీ కూడా తప్పకముందే వెళ్లి గడువు పెంచమని అడిగేవారి మాటకు అక్కడ కొంత విలువ ఉంటుంది, తప్పాక ఉండదు. పాడుకోని చీటీ ఉంటే ఇదే దానికి సమయం. రెండు కంపెనీలు మారినవారికి మార్చి తర్వాత ఇంకో దెబ్బ కాచుకుని ఉంటుంది. పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వకపోతే ఇద్దరూ మినహాయింపులను విడివిడిగా లెక్కేసి తక్కువ పన్ను పట్టుకుంటారు. రిటర్ను వేసేనాటికి ఆ తేడా చేతి నుంచి కట్టాలి.

డబ్బు లెక్కలు ఎలాగోలా తేలతాయి. తేలనిది చెప్పడమా, దాచడమా అన్న ప్రశ్న. తెలుగిళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం జీతం మాత్రమే కాదు, పెళ్లిచూపుల్లో 'ప్యాకేజీ ఎంత' అన్న ప్రశ్నకు జవాబు. ఆ జవాబు మీద కట్నాలు, ముహూర్తాలు నడిచాయి. అందుకే దాచిపెట్టడం మొదటి ఆలోచనగా వస్తుంది. ఉదయం తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని బయల్దేరి మెట్రో స్టేషన్ పక్క కాఫీ షాపులో సాయంత్రం దాకా గడిపే పెద్దమనుషులు కథల్లోనే ఉంటారనుకోనక్కర్లేదు. జపాన్ దర్శకుడు కియోషి కురొసావా 2008లో తీసిన 'టోక్యో సొనాటా' కథ సరిగ్గా ఇదే. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడినప్పుడు హైదరాబాద్‌లో ఆ ఉద్యోగులకు ఈ ఒక్క బాధ లేదు. ఊరందరికీ తెలిసిపోయింది, ఎవరూ వారి పనితనాన్ని శంకించలేదు. ఒంటరిగా పోయిన ఉద్యోగానికి ఆ రక్షణ లేదు. 'వాడినే ఎందుకు తీసేశారు?' అన్న ప్రశ్న బాబాయి నోటినుంచి రాకముందే భార్య మనసులో మెదులుతుంది. ఆమె అది అడగదు. అడగలేదని అతనికి తెలుసు.

ఈ మౌనం మీద పరిశోధన కొత్తదేమీ కాదు. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మరియెంతాల్ అనే ఊళ్లో ఉన్న ఒకే ఒక్క మిల్లు 1930 ప్రాంతంలో మూతపడింది. మేరీ జహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ ఆ ఊరిని పరిశీలించి 1933లో పుస్తకం ప్రచురించారు. వీధిలో నడిచేవారి వేగాన్ని గడియారం పెట్టి లెక్కించారు కూడా. మగవాళ్లు ఆడవాళ్లకంటే నెమ్మదిగా నడుస్తున్నారు, దారిలో మాటిమాటికీ ఆగుతున్నారు. రోజంతా ఏం చేశావంటే చెప్పడానికి వారికి నాలుగు సంగతులు కూడా గుర్తుండవు. ఆడవాళ్లకూ మిల్లు పని పోయింది గానీ వంట, ఉతుకు, పిల్లలు పోలేదు, పైగా తక్కువ డబ్బుతో అవే చేయాలి. ఉద్యోగం జీతంతోపాటు రోజుకు ఒక ఆకారం ఇస్తుందని, నలుగురితో కలుపుతుందని, నేనెవరినన్న ప్రశ్నకు జవాబిస్తుందని జహోడా తర్వాత కాలంలో వివరించారు.

అమెరికాలో మహామాంద్యం రోజుల్లో మిర్రా కొమరోవ్‌స్కీ 59 కుటుంబాలను కలిసి, ఉద్యోగం పోయిన మగవాడికి ఇంట్లో విలువ తగ్గిందా అని ఆరా తీశారు. ఆమె పుస్తకం 1940లో వచ్చింది. తగ్గింది పదమూడు ఇళ్లలోనే. అవి ఎక్కువగా అంతకుముందే సంసారం భయం మీదో, జీతం మీదో నడిచిన ఇళ్లు. అభిమానం ఉన్నచోట అతని మాటకు అంతకుముందున్న విలువే ఉంది. ఉద్యోగం పోవడం వల్ల కాపురాలు చెడతాయన్నది సగం నిజమేనన్నమాట. అది చాలావరకు అప్పటికే ఉన్న పగులును చూపిస్తుంది.

కానీ పోయింది భార్య ఉద్యోగమైతే? సామాజిక శాస్త్రవేత్త అలియా హమీద్ రావ్ అమెరికాలోని చదువుకున్న మధ్యతరగతి జంటల మధ్య తిరిగి 2020లో ప్రచురించిన 'క్రంచ్ టైమ్'లో తేల్చింది మన ఇళ్లకూ అక్షరాలా సరిపోతుంది. భర్త ఉద్యోగం పోతే ఇల్లంతా అత్యవసర పరిస్థితిలోకి వెళ్తుంది. అతనికో గది, తలుపేసుకునే హక్కు, భార్య ప్రోత్సాహం అన్నీ సమకూరతాయి. భార్య ఉద్యోగం పోతే అంత హడావుడి ఉండదు. ఆమె రోజు పిల్లల్లోకి, వంటింట్లోకి జారిపోతుంది. మన దగ్గర అదనంగా ఒక మాట వినిపిస్తుంది, 'పోనీలే, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో' అని. చెప్పేవారు మంచిగానే చెబుతారు. మర్నాటి నుంచి పనిమనిషిని మాన్పిస్తారు, ట్యూషన్ మాన్పిస్తారు, మామగారి మందుల డబ్బా ఆమె చేతికి వస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఇంటర్వ్యూలో ఆమెను అడిగేది ఈ విరామంలో ఏం నేర్చుకున్నారని. భార్యకు ఉద్వాసన చెప్పిన ఇంట్లో భర్త చేయగల మొదటి సాయం ఓదార్పు కాదు. పనిమనిషిని మాన్పించకుండా ఉండటం, రోజుకు నాలుగు గంటలు ఆమెకు తలుపేసుకునే గది ఇవ్వడం.

అమెరికాలో ఉన్న తెలుగు జంటలకు వీటన్నిటి మీదా ఒక గడియారం కూర్చుంటుంది. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం హెచ్-1బి ఉద్యోగికి పని ఆగిన నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోగా మరో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా హోదా మార్చుకునేందుకు దరఖాస్తు చేయాలి, లేదా సామాను సర్దుకోవాలి. భార్య, పిల్లల హెచ్-4 వీసాలు కూడా ఆ తాడుకే కట్టి ఉంటాయి. 2015 మే నుంచి కొందరు హెచ్-4 జీవిత భాగస్వాములకు పనిచేసే అనుమతి దొరికింది. అది కూడా భర్త లేదా భార్య హెచ్-1బి హోదా నిలిచినంతకాలమే. కొత్త కంపెనీకి మారినవారికి గ్రీన్‌కార్డు ప్రక్రియలో లేబర్ సర్టిఫికేషన్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మూడో నెలలో ఉద్వాసన అంటే ఆ ఫైలు కదలకముందే మూతపడినట్టు. విదేశంలో ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుమును 2025 సెప్టెంబరులో ప్రకటించాక, ఇంటికెళ్లి మళ్లీ వద్దామన్న ధీమా కూడా సడలింది. డాలస్‌లో రాత్రి పదింటికి విజయవాడ నుంచి అమ్మ వీడియో కాల్ చేస్తే వెనక అట్టపెట్టెలు కనపడకుండా ఫోను తిప్పి పట్టుకోవాల్సిన అవస్థ.

ఈ అరవై రోజులైనా, ఇక్కడి ఆరు నెలలైనా, నడిపించడంలో రెండో మనిషి మాట ఎంత ముఖ్యమో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990ల్లో వందలాది నిరుద్యోగ జంటల మీద అధ్యయనం చేసి చూపించారు. డబ్బు ఒత్తిడి ఇద్దరినీ కుంగదీస్తుంది. కుంగిన భాగస్వామి సాయం తగ్గించి దెప్పడం పెంచుతారు. దాంతో ఉద్యోగం వెతుకుతున్నవారు ఇంకా కుంగుతారు. దెప్పడమంటే అరవడమే కానక్కర్లేదు. 'ఇవాళ ఏమైనా కాల్ వచ్చిందా?' అన్న ప్రశ్న రోజూ సాయంత్రం ఆరింటికి పడితే అదీ దెప్పడమే. అలాగని అసలు అడగకపోతే పట్టించుకోలేదన్న నిష్ఠూరం. మా ఇంట్లో కుదిరిన ఒప్పందం ఆదివారం ఉదయం. వారానికి ఒక గంట డబ్బు, దరఖాస్తులు, ఇంటర్వ్యూలు అన్నీ మాట్లాడుకోవడం, మిగతా ఆరు రోజులు ఆయన చెబితే వినడమే తప్ప నేను అడగకపోవడం. రెండో నెలకల్లా ఆదివారం గంట ఇరవై నిమిషాలకు తగ్గింది. ఆయన బుధవారాలే చెప్పేస్తున్నారు.

అత్తయ్యగారికి చెప్పింది పన్నెండో రోజున. దాచినన్నాళ్లూ ఆమె ఫోనులో చెల్లెళ్లతో కొడుకు కొత్త కంపెనీ గురించి గొప్పలు చెబుతూనే ఉన్నారు, పక్క గదిలో ఆయన వింటూనే ఉన్నారు. చెప్పాక రెండు రోజులు దేవుడి గదిలో కూర్చున్నారు. మూడో రోజు తన రెండు గాజులు తీసి బల్ల మీద పెట్టి, ఆపరేషన్ వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఆపరేషన్ అనుకున్న తేదీకే జరిగింది, గాజులు గోల్డ్‌లోన్ కంపెనీకి వెళ్లి అయిదు నెలల తర్వాత తిరిగొచ్చాయి. పిల్లలకు కూడా చెప్పడమే మేలు. నాన్న ఇంట్లో ఎందుకున్నాడో తెలియని పిల్లవాడు తన తప్పేదో ఉందనుకుంటాడు.

ఓర్పుతో, సర్దుబాటుతో అన్నీ గడుస్తాయని కాదు. రాత్రిళ్లు నిద్రలేకపోవడం వారాల తరబడి సాగితే, మందు మొదలైతే, 'నేను లేకపోతేనే మీరు సుఖంగా ఉంటారు' అన్న మాట ఒక్కసారి వినపడినా అది భార్యో భర్తో ఒంటరిగా మోయాల్సిన బరువు కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడుతుంది. ఫోను చేయాల్సింది బాధపడుతున్న మనిషే కానక్కర్లేదు, ఇంట్లోవారు కూడా చేయొచ్చు.

చుట్టాలకు చెప్పాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది. కొత్త ఉద్యోగం కోసం వెళ్లేచోట మాత్రం దాచే ప్రయత్నం వృథా. ఆ నాలుగు నెలలను రెజ్యూమె నుంచి తీసేసి, పాత కంపెనీలోనే ఇంకాస్త కాలం ఉన్నట్టు తేదీలు సాగదీయమని సలహా ఇచ్చే స్నేహితులు ప్రతి ఒక్కరికీ ఉంటారు. 2014 నుంచి పీఎఫ్ ఖాతాలన్నిటినీ ఒకే యూనివర్సల్ అకౌంట్ నంబరు కిందికి తెచ్చారు. ఏ కంపెనీ ఏ నెలలో చందా కట్టిందో, ఎప్పుడు ఆపిందో ఆ సర్వీసు చరిత్రలో వరసగా కనిపిస్తుంది. నేపథ్య తనిఖీ చేసే సంస్థలు ముందుగా చూసేది దాన్నే. నాలుగు నెలల ఉద్యోగం పోయిందన్న కారణంతో ఆఫర్ ఇవ్వని కంపెనీలు ఉండొచ్చు, తేదీలు తప్పుగా రాశారని ఇచ్చిన ఆఫర్ వెనక్కి తీసుకునే కంపెనీలు ఇంకా ఎక్కువ. మా ఆయన రెజ్యూమెలో ఆ పదకొండు వారాలు ఒక వాక్యంగా ఉన్నాయి. ప్రాజెక్టు రద్దయింది, ఆ బృందంలో కొత్తగా చేరినవారందరినీ తొలగించారు అని. ఏడో ఇంటర్వ్యూలో ఆ వాక్యం చదివిన మేనేజరు తలెత్తి, తనకు 2009లో అలాగే అయిందని చెప్పి, తర్వాతి ప్రశ్నకు వెళ్లారట.